తాళపుచెవి యెవరియొద్ద నున్నది?

2022వ సంవత్సరము జూలై నెల నడుమ, గోదావరి భద్రాచలమునొద్ద 71 అడుగులు దాటినదని వార్త వచ్చిన మరునాటి రాత్రి, మేము పని చేయుచుండిన పాఠశాల వాకిట ముప్పది నలువది కుటుంబములవారు వానలో నిలుచుండిరి. వారు రాజోలు వైపు ఏటినడిమి లంకనుండి పడవలమీద గట్టునకు చేరినవారు. చంకలలో బిడ్డలు, నెత్తులమీద మూటలు, వెంట మేకలు, మంచముతోగూడ మోసికొని వచ్చిన యొక ముసలమ్మ. ఆ పాఠశాలయే మీకు తలదాచుకొను చోటని వారికి మధ్యాహ్నమే చాటించిరి. చాటించినవాడు వచ్చెను, పడవ వచ్చెను, బియ్యము సైతము వచ్చెను. తాళపుచెవి మాత్రము రాలేదు. అది ఏటి కావలి పట్టణమున కాపురముండు నుద్యోగి జేబులో నుండెను. ఆయన రాదలచినను రాలేడు, ఏలయన కాజ్‌వే మునిగియుండెను. రెండు గంటలసేపు వేచి వేచి, తుదకొక పడుచువాడు గునపముతో తాళము పగులగొట్టెను. మేము చూచుచు నూరకుంటిమి. ఊరకుండుటయే ఆ రాత్రి మేము చేసిన ప్రజాసేవ.

వరద తీసిన పిమ్మట మాకొక కాగితము వచ్చెను. పగిలిన తాళపు వెల యెవరు భరింతురో తెలుపవలెనని యందున్నది.

చదువరులు నవ్వుదురు గాక. మేమును నవ్వితిమి. కాని నవ్వు చల్లారిన పిదప ఒక సంగతి మమ్ము విడువలేదు. ఆ రాత్రి దుర్మార్గు డెవ్వడును లేడు. చాటింపువాడు తన పని చేసెను. పడవవాడు తన పనికంటె నెక్కువయే చేసెను. అధికారులు నిద్ర మానిరి. తాళపుచెవి గల యుద్యోగి సైతము, సెలవుదినమున తలుపులు బిగించుకొని పోవలెనను నియమమునే పాటించెను. అందఱును తమతమ పనులు చేసిరి. ఈ పనులన్నియు నొకదానితో నొకటి అతుకునా లేదా యని వరదకు ముందు చూచుట మాత్రము ఎవ్వరి పనియు గాదు. ఆ పని యెవరిదో తేల్చుకొననంతకాలము మనము చేయుచున్న వరదసహాయ మంతయు పగిలిన తాళమునకు వెల కట్టుటయే యని మా వాదము.

కొన్ని దేశములలో ఈ పని యొక వృత్తియై యున్నది. ఒక్కొక్క ప్రాంతమునకు రాగల యాపదలను ముందుగా నూహించి, ప్రజారక్షణమునకు వలయు సన్నాహమును వ్రాసియుంచి, దానిని ఏటేట సరిచూచుచుండుటయే జీతపుపనిగా గలవా డొకడుండును. వానికి మన భాషలో స్థిరపడిన పేరు లేదు. పేరు లేదనగా పని లేదన్నమాటయే. ఈ వ్యాసమువఱకు మే మతనిని ముందుచూపరి యందుము.

ముందుచూపరి పడవ నడుపడు, బియ్యము పంచడు, మోకాలిలోతు నీటిలో నిలిచి ఫొటోలు తీయించుకొనడు. వాన వచ్చునప్పటికే అతని పనిలో ముప్పాతిక ముగిసి యుండవలెను. గోదావరిలో ఇసుకతిప్పలు తేలియున్న చైత్రవైశాఖములలో నతడు గట్టువెంబడి నడచును. ఎలుకబొరియ లెక్కడ, లాకుతలుపు తుప్పుపట్టిన దెక్కడ, ఇటుకబట్టీలకై గట్టుమట్టి త్రవ్వుకొనిపోయిన దెక్కడ యని చూచును. ఇంటింటికి పోయి ప్రశ్నించును. ఎనిమిదవ నెల గర్భవతి యే యింట నున్నది? మధుమేహమునకు సూదిమందు వేసికొనువారి మందు చల్లగా నుంచుటకు కరెంటు లేనినాడు దారియేది? వారమునకు రెండుమార్లు మూత్రపిండముల చికిత్సకు పట్టణమునకు పోవలసిన వ్యక్తిని కాజ్‌వే మునిగిన వారమున ఏ త్రోవను తీసికొనిపోవుదురు? సెల్‌ఫోను స్తంభమునొద్ద జనరేటరున కెన్ని గంటల డీజిలున్నది? పడవవాడు జ్వరముతో పడియున్న ఆ పడవను నడుపగల రెండవవా డెవడు?

ధవళేశ్వరమునొద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఈ యంకెలు కోనసీమలో టీకొట్టులయొద్ద సైతము వినబడును. అయినను 13 లక్షలన్నప్పుడు మా వీధిలో నీరు అరుగు తాకునా, గడప దాటునా, దూల మంటునా? అంకెను అరుగుగా మార్చుట ముందుచూపరికి మొట్టమొదటి పని. 1986 ఆగస్టులో ఈ యానకట్టమీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించెను. 2006లో 28 లక్షలు, 2022లో 25 లక్షలు దాటెను. ఈ మూడు వరదల మట్టములను ప్రతి లంకలోను, ప్రతి గట్టు గ్రామములోను బడిగోడపై మూడు రంగుగీతలుగా గీయుట కెంత వ్యయమగును? డబ్బాడు రంగు, ఒక కుంచె, ఒక మట్టపుకొయ్య, వీనిని పట్టుకొని తిరుగుట కొక మనిషి. ఆ మనిషియే లేడు. ఆర్థర్ కాటను మట్టములు కొలిచి 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించెను. ఆయన విగ్రహములను ఊరూర నిలిపి దండలు వేయుచున్నాము. దండలు వేయువారిలో మట్టము కొలువవలెనని తోచినవా డొకడుండినను ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును.

లంకవారు మొండివారనియు, పిలిచినను రారనియు పట్టణవాసులు నిందింతురు. ఏల రారో అడిగితిమా? గేదె పాలమీద బ్రదుకు నిల్లాలు ఆ గేదెను మెడలోతు నీటికి వదలి గట్టు మీది కెట్లు వచ్చును? వచ్చిన తోడనే ఇంటి తలుపులు పెఱికికొనిపోవు దొంగలనుండి కాపాడువా రెవరు? గేదెకు చోటు చూపని ప్రణాళిక ఇల్లాలికిని చోటు చూపనిదే.

మన దేశమున చట్టము లేకపోలేదు. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము ప్రతి జిల్లాకు నొక ప్రాధికార సంస్థ నేర్పరచినది. కలెక్టరు దాని కధ్యక్షుడు. స్థానికసంస్థల నుండి యెన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. జిల్లాకొక ప్రణాళిక యుండవలెననియు, స్థానికసంస్థలను సంప్రదించి దానిని వ్రాయవలెననియు, ఏటేట సరిచూడవలెననియు అందు గలదు. చట్టము మంచిదే. కాని ఆ ప్రణాళిక ప్రతి నెవరి కీయవలెనో చెప్పినచోట జిల్లాలోని ప్రభుత్వశాఖల కని యున్నది. మునుగువాని కొక ప్రతి యీయవలెనని చట్టము చేసినవారికి తోచలేదు. అధ్యక్షుడైన కలెక్టరు సంగతియో! ధాన్యము కొనుగోళ్లు ఆయనవే, ఎన్నికలు ఆయనవే, భూతగాదాలు ఆయనవే, మంత్రిగారి రాకపోకలు ఆయనవే. కోనసీమ 2022 ఏప్రిల్ 4వ తేదిని వేరు జిల్లా యయ్యెను. కార్యాలయములలో బల్లలు బీరువాలు సర్దుకొనుచుండగనే, నాలుగు నెలలైనను నిండకముందే, గోదావరి వచ్చెను. రానున్న వరదను గూర్చి తీరికగా నాలోచించుటను, తీరిక యను మాటయే యెఱుగని యుద్యోగికి అప్పగించి మనము నిశ్చింతగా నిద్రించుచున్నాము.

మేమొకమారు ఒక కార్యాలయమునకు పోయి, ప్రణాళికలో మా యూరి సంగతి యేమి వ్రాసియున్నదో ఆ పుట చూపుడని యడిగితిమి. గుమాస్తా మర్యాదస్థుడు. కూర్చుండబెట్టి టీ తెప్పించెను. ఆపై, “మీకెందుకండీ మాస్టారూ, వరదొస్తే మేమే కబురు చేస్తాం కదా!” అనెను. మేము టీ త్రాగి వచ్చితిమి.

ఇక మన దాతృత్వము. దీనిని గూర్చి వ్రాసిన మా మిత్రులలో పలువురు నొచ్చుకొందురు. అయినను వ్రాయక తప్పదు. వరద వచ్చినదన్న చాలును, మన పట్టణములలో దయ పొంగిపొరలును. కార్లు కదలును, పతాకములు కట్టబడును, గట్టులమీద పులిహోర పొట్లములు వానకంటె దట్టముగా కురియును. ఆ జూలైలో మా పాఠశాలకు ఒక్క దినముననే అయిదారు సంఘములవారు పులిహోర తెచ్చిరి. తిన్నంత తినగా మిగిలినది మేకలు తినెను, మేకలకును వెగటుపుట్టెను. పసిబిడ్డలకు పాలపొడి తెచ్చినవారు లేరు. ఆడువారి నెలసరికి వలయు గుడ్డలు తేవలెనని ఒక్క సంఘమునకును తోచలేదు. తోచినను పతాకముమీద వ్రాయుటకు సిగ్గుపడి యుందురు. పాతచీరలు మాత్రము గుట్టలుగా వచ్చెను. వానిలో జాకెట్టు ముక్కలు ఇంట నుంచుకొని చీరలు మాత్రమే పంపిన గృహిణుల పొదుపును మెచ్చుకొనవలసినదే.

రెండవనాటి మధ్యాహ్నము మంచముమీద వచ్చిన ముసలమ్మ నాలుక పిడచకట్టుకొని యున్నను నీరు ముట్టలేదు. ప్రక్కన నీటి సంచులు మూటలు మూటలుగా నున్నవి. “నీళ్లు తాగవేమమ్మా?” యని యడిగితిమి. ఆమె మా మొగము వంక గాక గోడ వంక చూచుచు, “తాగితే ఎక్కడికెల్లాలి బాబూ? మీ మాస్టార్ల దొడ్డికీ తాళమేగా!” అనెను.

నిజమే. తరగతిగదుల తాళము పగులగొట్టితిమి గాని మరుగుదొడ్డి సంగతి మా కెవ్వరికిని జ్ఞప్తికి రాలేదు. ఏలయన ఆ రాత్రి లెక్కలు చూచినవార మందఱమును మగవారము. ఆ ముసలమ్మతోబాటు ఎందఱు కోడండ్రు, ఎందఱు బాలికలు ఆ రెండు దినములును నీరు త్రాగక గడపిరో మేము లెక్కింపలేదు. వారిలో నొక చూలాలు సైతము ఉండెను. నాలుగువందల పులిహోర పొట్లము లొక్క తాళపుచెవికి సాటిరావు. అయినను పొట్లము పంచినవాని ఫొటో మరునాడు పత్రికలో పడును. తాళపుచెవిని ముందే తెచ్చియుంచినవాని ఫొటో యే పత్రిక వేయును? రాని మరణమునకు కృతజ్ఞత చెప్పువాడు లేడు గావున ముందుచూపరి పనికి మనలో నెవ్వరును ఆశపడరు.

విధివ్రాత తప్పునా యను వృద్ధులకు, కొంత సంస్కృతము చదివినవారము గావున నొక మనవి. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున అగ్ని, జలము, వ్యాధి, కఱవు మొదలుగా నెనిమిది యాపదలను లెక్కించి వానికి దైవికములని పేరు పెట్టెను. దైవికములని పేరు పెట్టియు దైవముమీద వదలలేదు, చూడుడు. వానకాలమున నదీతీర గ్రామములవారు వరద వచ్చు మేరను విడిచి నివసింపవలె ననెను. కఱ్ఱలు, వెదుళ్లు, పడవలు ముందుగా సమకూర్చుకొనవలె ననెను. కొట్టుకొనిపోవువానిని సొరకాయబుఱ్ఱలు, తోలుతిత్తులు, దుంగలు వేసి గట్టెక్కింపవలె ననెను. ఆదుకొన పోనివానికి పండ్రెండు పణముల దండుగ విధించెను. తేలు సాధనము లేనివానికి మాత్రము దండుగ లేదట. మాకీ మినహాయింపే మిక్కిలి నచ్చినది. దండుగ వేయవలెనన్న నెవనియొద్ద సాధన మున్నదో, ఎవనియొద్ద లేదో రాజోద్యోగికి ముందే తెలిసియుండవలెను గదా! ఆ జాబితా వ్రాసినవాడే ముందుచూపరి. పర్వదినములయందు నదిని పూజింపుడనియు ఆ ప్రకరణముననే యున్నది. మనము పూజను నిలుపుకొని పడవను పారవేసితిమి.

పూజయందైనను సరిగా మెలగితిమా? 2015 జూలై 14న, గోదావరి పుష్కరముల మొదటినాడే, రాజమహేంద్రవరమున పుష్కరఘట్టమునొద్ద తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా మరణించిరి. నాడు వరద లేదు, గాలివాన లేదు. పండ్రెండేండ్ల ముందు తిథివార నక్షత్రములతో తెలిసిన యుత్సవమది. అనుకోని యాపద యని దాని నే నోటితో నందుము? 2027లో పుష్కరములు మఱల రానున్నవి. కోనసీమలోను రేవురేవునను జనము దిగును. ఏ రేవు మెట్లు ఎందఱిని మోయగలవో, దిగుదారి యేది, ఎక్కుదారి యేది యని ఇప్పుడడుగుట అపశకునమని కొందఱందురు. అపశకునమైనను మే మడుగుదుము.

సమూహమును నడుపుట మనకు చేతగాదనుట మాత్రము వట్టిమాట. కనుమనాడు జగ్గన్నతోటకు పోయి చూడుడు. ఏకాదశ రుద్రుల ప్రభలు చుట్టుప్రక్కల గ్రామములనుండి భుజములమీద వచ్చును. గంగలకుఱ్ఱు ప్రభలు పచ్చని చేలలోనుండి నడచి, కౌశిక నీటిలో దిగి, ఆవలిగట్టెక్కును. అంత యెత్తుగల ప్రభ ఒరగకుండ నే త్రాడు నెవరు పట్టవలెనో, ఏ మలుపున నెవరు భుజము మార్చవలెనో, ఎవరి కేక విని యందఱును ఒక్కసారి యడుగు వేయవలెనో ఆ పడుచువాండ్ర కందఱకును తెలియును. తండ్రులవెంట నడచి నేర్చిరి. ఏటేట మఱల నడచి నిలుపుకొనిరి. కాగితము లేదు, బీరువా లేదు. అట్టి భుజములే గల గ్రామములలో, మంచముపట్టిన ముసలమ్మను వరదనా డెవరు మోయవలెనన్న నొకరి మొగ మొకరు చూచుకొందుము. చేతగామి గాదిది. దేవుని ప్రభ మనదనియు, ముసలమ్మ ప్రభుత్వమువారి దనియు పంచుకొంటిమి.

వరద యొక్కటియే యైన నీ యశ్రద్ధను కొంత క్షమింపవచ్చును; నది ఒకటి రెండు దినముల ముందు భద్రాచలమునుండి కబురంపును. గాలికి, గ్యాసునకు అంతటి మర్యాద లేదు. గౌతమి కావలి కోరంగి రేవును 1789లో నొకమారు, 1839లో నొకమారు ఉప్పెన ముంచెను. ఇంగ్లీషున తుపానునకు సైక్లోన్ అను పేరు పెట్టిన పిడింగ్టను తన గ్రంథమున కోరంగి సంగతి వ్రాసెను. లోకమునకు పేరు వచ్చినది. కోరంగికి రేవు పోయినది. 1996 నవంబరు 6వ తేది రాత్రి మాకు పదునైదేండ్లు. రేడియో హెచ్చరించెను. హెచ్చరికలో ‘తీరప్రాంతము’ అనిరి గాని మా పేట తీరప్రాంతమా కాదా యని యెవ్వరును మాకు చెప్పియుండలేదు. రాత్రి తొమ్మిదింటికి మా పెంకుటిల్లు చేటలో ధాన్యము చెఱిగినట్లు పెంకులు చిమ్మెను. తెల్లవారునప్పటికి ఇంటినుండి ఏటిగట్టు కనబడెను. అదివఱ కెన్నడును కనబడలేదు. నడుమ కొబ్బరితోట యుండెడిది. ఆ తుపానున వేయిమందికి పైగా మరణించిరి. బలుసుతిప్ప, భైరవపాలెము వంటి జాలరిపల్లెలనుండి సముద్రముమీదికి పోయినవారిలో ననేకులు తిరిగిరాలేదు. సముద్రముమీద నున్నవానికి రేడియో మాట యెట్లందవలెనన్నది ఆనాడు ఎవరి పనియు గాదు.

గ్యాసు సంగతి యింతకంటెను విచిత్రము. పాసర్లపూడి బావి 1995 జనవరి 8న నంటుకొని రెండు నెలలకు పైగా మండెను. ఆ వెలుగులో రాత్రులు పుస్తకములు చదువుకొన్నవారు నేడు మా తోటి యుపాధ్యాయులు. పందొమ్మిదేండ్లకు, 2014 జూన్ 27వ తేది తెల్లవాఱుజామున, నగరములో తాటిపాకనుండి కొండపల్లికి పోవు గెయిల్ సంస్థవారి గొట్టము పగిలి మంటలు లేచి, ఇరువదిమందికి పైగా ఆహుతియైరి. నిద్రలో నున్నవారు, పొయ్యి ముట్టించుకొనుచున్నవారు. మన పెరటిక్రింద నేమి ప్రవహించుచున్నదో మనకు తెలియనక్కఱలేదా? వాసన సోకినప్పుడు అగ్గిపుల్ల గీయరాదనియు, గాలికి ఎదురుగా నడచిపోవలెననియు, ఫలాని నంబరునకు ఫోను చేయవలెననియు ప్రతి యింటి గోడమీద వ్రాసియుంచుట కే శాస్త్రవేత్త కావలెను? మా బడిపిల్లలకు అశోకుని శాసనములు కంఠస్థము. గొట్టము సంగతి యడిగిన తెల్లమొగము వేయుదురు. పాఠ్యపుస్తకమున లేదుగదా!

డబ్బేదీ యని యడుగువారు కలరు. ఒడిశాను చూడుడు, మనకంటె ధనవంతమైన రాష్ట్రము గాదు. 1999 అక్టోబరు తుపానున అచ్చట సుమారు పదివేలమంది మరణించిరి. 2013లో పైలిన్ తుపాను గోపాలపురమునొద్ద తీరము దాటినప్పుడు సుమారు పదిలక్షలమందిని ముందే తరలించిరి. మరణములు పదులలో నిలిచెను. నడుమ పదునాలుగేండ్లలో వారు చేసినది అద్భుతము గాదు. ఆశ్రయభవనములు కట్టిరి, వాని బాగోగులు చూచుటకు గ్రామసంఘములు పెట్టిరి, ఏటేట ఉత్తుత్తి తుపాను ఆడి చూచుకొనిరి. బంగ్లాదేశమును ధనవంతమైన దేశము గాదు. 1970 నాటి తుపానున అచ్చట మూడు లక్షలకు తక్కువగాకుండ చచ్చిరి. 1972 మొదలు ఊరూర స్వచ్ఛందసేవకులను తయారుచేసిరి. నేడు వారు డెబ్బదివేలకు పైగా కలరు, వారిలో సుమారు సగము స్త్రీలు. స్త్రీలు ఊరక వచ్చి చేరలేదు. 1991 తుపానున పురుషులకంటె స్త్రీలు ఎన్నో రెట్లు మరణించిరని లెక్క తేలిన తరువాత, ఇల్లు విడిచి రమ్మని స్త్రీకి స్త్రీయే చెప్పవలెనని వారు గ్రహించిరి.

మన యూళ్లలో నెవరు గర్భవతియో, ఎవరికి కంటిచూపు లేదో, ఏ కోడలికి గడప దాటుటకు అత్త సెలవు కావలెనో ఆశా కార్యకర్తకు తెలియును, అంగన్‌వాడీ టీచరునకు తెలియును, పొదుపుసంఘము నాయకురాలికి తెలియును. తుపాను సమీక్షా సమావేశములలో వీరిని మేము వరండాలో చూచితిమి. లోపల జాబితా తయారగుచుండెను. జాబితా తెలిసినవారు బయట సంతకములకై నిలుచుండిరి.

మఱియొక మాట, ఇది మా ఇండ్లకే తగులు మాట. ఆ జూలై రాత్రి తాళము పగిలిన తరువాత గట్టుమీది మంచి యింటివా డొకడు, తన పెంకుటింటిలోకి నీరు వచ్చినందున కుటుంబముతో వచ్చెను. లోపలి జనమును చూచి మమ్ము ప్రక్కకు పిలిచి, “వాళ్లకి వేరే గది ఇచ్చేయండి మాస్టారూ, మావాళ్లు ఇబ్బంది పడతారు” అనెను. ‘వాళ్లు’ ఎవరో చదువరులకు చెప్పనక్కఱలేదు. పల్లమున ఇండ్లస్థలములు వారికే యిచ్చితిమి. కావున నీరు ముందుగా వారి యిండ్లకే వచ్చును. కావున బడికి ముందుగా వచ్చువారు వారే. తరువాత వచ్చి వేరు గది యడుగువారము మనము. గదులు వేరు చేయలేదని ఆయన మాతో చాలదినములు మాటాడలేదు. ఆ సంవత్సరముననే, మే 24న, జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టుటను గూర్చి అమలాపురమున అల్లర్లు చెలరేగి, మంత్రిగారి యిల్లు, శాసనసభ్యుని యిల్లు తగులబడెను. అనేకదినములు ఇంటర్నెట్టు నిలిచెను. జిల్లా పేరుకొఱకు గంటలలో వేలుగా కూడితిమి. జిల్లా ప్రణాళిక యేదని యడుగుటకు పదుగురము కూడితిమా? రెండునెలలు తిరుగకముందే నీరు వచ్చినప్పుడు అది యే పేరును అడుగలేదు.

మేము కోరునది గొప్పది గాదు. ఈ జిల్లాకు ముందుచూపరి యను నుద్యోగి నొకనిని, వేఱుపని యంటగట్టకుండ, మూడేండ్లకు ముందు బదిలీ చేయకుండ నియమింపవలెను. స్త్రీ యైన మఱియు మంచిది. అతడు వ్రాసిన ప్రణాళికలో ఏ యూరి పుట ఆ యూరి పంచాయతి గోడమీద, చదువరానివారికి చదివి వినిపింపదగిన తెలుగున ఉండవలెను. జ్యేష్ఠమున నొకమారు, ఆశ్వయుజమున నొకమారు ఊరంతయు ఉత్తుత్తి వరద ఆడవలెను. పిల్లలకు వేడుక, పెద్దలకు సిగ్గు విడుచుట. ఎదురుబిడియము కాజ్‌వే, కనకాయలంక కాజ్‌వే ఏటేట మునుగుటయు, ఏటేట పత్రికలలో ఆ ఫొటోయే పడుటయు ఇక చాలును. ఇది చేయించుటకు అర్జీ వ్రాయవలసినవారు ఈ పత్రిక చదువు గృహస్థులే. పులిహోరకు చందా వసూలు చేయునంత యుత్సాహముతో ఒక్క యర్జీకి సంతకములు వసూలు చేయుడు.

పాఠశాల సంగతి. పగిలిన తాళపు వెల మేమే కట్టితిమి. క్రొత్తతాళమునకు మూడు చెవులు చేయించి, ఒకటి కార్యాలయమున నుంచి, ఒకటి మాయొద్ద నుంచుకొని, మూడవదానిని మరుగుదొడ్డి తాళపుచెవితోగూడ గట్టుక్రింది పేటలో నివసించు అంగన్‌వాడీ ఆయమ్మ కిచ్చితిమి. పరీక్షకు వచ్చిన యధికారి యొకరు ఇది నిబంధనలకు విరుద్ధమని పుస్తకమున వ్రాసిపోయిరి. అయినను ఆ చెవులు ఆమె యింటి దూలమున మేకునకు వ్రేలాడుచునే యున్నవి. మాకు బదిలీ యైనది. మొన్న చూడబోగా ఆమె, వైశాఖమున కూతురి పురిటికి హైదరాబాదు పోవుదుననియు, ఎప్పుడు వత్తునో తెలియదనియు చెప్పి, “ఈ తాళాలు ఎవరికిచ్చెల్లమంటారు మాస్టారూ?” అని యడిగెను. పేటలో నలుగురి పేర్లు అనుకొంటిమి. ఇద్దఱు వలసపోయిరి, ఒకామెకు చూపానదు, నాలుగవయామె మగడు ఒప్పుకొనడు.